కుంకుడు రసంలో కుందేలు తోలు

మొన్న టార్నీట్ రైల్వే స్టేషన్లో వానకి తడిసిన కుక్కొకటి నా పక్కకొచ్చి ఒళ్లు విదిలించుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు ముక్కులు మూసుకుని దూరం జరిగారు. నేను కదల్లేదు. తడి బొచ్చు వాసన వాళ్లకి కంపైతే కావచ్చు, నాకు మాత్రం అది మా నాన్న వాసన.

నాన్న ఈ దేశంలోనే, స్నోయీ కొండల్లో జలవిద్యుత్ కేంద్రంలో ఇంజనీరు. ఆ చిన్న ఊళ్లో తెలుగువాళ్లం మేమొక్కళ్లమే. రుతువులు తలకిందులై, ఉగాదికి చెట్లు చిగురించడానికి బదులు ఆకులు రాల్చే ఊరది. అమ్మమ్మ పోస్టులో పంపిన ఎండు వేపపూతతో చేసే పచ్చడి, కట్టెల పొయ్యి పొగ, చలికాలం పొద్దున్నే గడ్డి మీద అడుగేస్తే కరకరమనే మంచు, చింతపండు రసం పోసి అమ్మ నల్లగా మరిగించే ట్రౌట్ పులుసు, "గోదారి చేప కాలిగోటికి చాలదు" అంటూనే ఆవిడ మారు వడ్డించుకునే వైనం, ఇవన్నీ కలిస్తే నా చిన్నతనం.

ఆ చేపల కోసం నాన్న గాలానికి ఈకా బొచ్చూ చుట్టి ఉత్తుత్తి ఈగల్ని కట్టేవాడు. ఈగ ఒంటికి చుట్టే బొచ్చుని డబ్బింగ్ అంటారు. పక్కింటి టెడ్ అంకుల్ ఉప్పు రాసి ఎండబెట్టి ఇచ్చిన కుందేలు తోలు ఒళ్లో పెట్టుకుని, పైనున్న గరుకు వెంట్రుకలు ఏరేసి, అడుగున పొగలా ఉండే నూగుని చిటికెడు పీకి, మైనం రాసిన దారానికి ఒకే వైపుగా పురి పెట్టడం నాకు నేర్పాడు.

"తక్కువ పెట్టవే. ఇంకా తక్కువ. ఈగని కట్టమన్నాను, గొంగళిపురుగుని కాదు."

నీటి మీద తేలే ఈగకి జిడ్డున్న బొచ్చే కావాలి. దూదైతే ఎందుకు పనికిరాదూ అని నేను వాదించి, అమ్మ వత్తుల దూదితో ఒకటి కట్టాను. అది బకెట్లో బుడుంగున మునిగితే తప్పు బకెట్‌దే అన్నాను.

వేసవంతా వరండాలోనే కూర్చున్నాం, అమ్మ తోలుని గడప దాటనివ్వలేదు మరి. చలి ముదిరాక వేళ్లు కొంకర్లు పోయి దారం నిలిచేది కాదు. ఇంట్లోకి రానివ్వకపోతే ఇక ఆ సాయంత్రాలు లేనట్టే. పెద్దగా మాట్లాడే మనిషి కాని నాన్న నాతో మాట్లాడేది ఆ కాసేపే.

"చేపని ముట్టుకుంటావు కదమ్మా, కుందేలేం పాపం చేసింది?" అని నిలదీశాను.

"చేపని వండుకు తింటాం. ఆ తోలు వండితే తింటావా? పెద్ద లాయరమ్మ బయల్దేరింది!"

బతిమాలగా బతిమాలగా ఒక ఆదివారం మెత్తబడింది. నేనూ నాన్నా షాపింగ్ నుంచి వచ్చేసరికి తోలు బట్టల తీగ మీద పచ్చగా ఆరుతోంది. ఇంట్లోకి రావాలంటే శుద్ధి జరగాలి కదా! ఇండియా నుంచి తెచ్చుకుని తన తలకే పొదుపుగా వాడుకునే కుంకుడుకాయలు నానేసి, ఆ రసంతో రుద్ది రుద్ది కడిగి, పసుపు నీళ్లలో ముంచి తీసింది.

"జిడ్డంతా వదిలింది, చూడండి," అంది గర్వంగా.

"ఆ జిడ్డు కోసమేనే దాన్ని తెచ్చుకుంది! పసుపు రాయడానికి ఇదేమన్నా పెళ్లికూతురా?"

"కొత్తకోడలనుకోండి. కుడికాలు పెట్టించి లోపలికి తెచ్చుకోండి."

నాన్న నా మొహం చూసి, తోలుని తీగ మీంచి తీసి లోపలికి తెచ్చాడు. ఆ సాయంత్రం హీటరు పక్కన, భోజనాల బల్ల మీద పచ్చ ఈగల్ని కట్టాం. ఒక్కటీ తేలలేదు. "మునిగితే మునగనీ, నీటి అడుగున పాకే పురుగులనుకుంటాయిలే," అని నాన్న వాటికి సన్నటి రాగి తీగ చుట్టాడు. కొన్ని చేపలు అలాగే అనుకున్నాయి కూడా. చలికాలమంతా అమ్మ ఎదురుగా కూర్చుని వత్తులు చేసుకుంటూ, "అదీ ఒక పురేనా? మోకులా ఉంది," అని మమ్మల్ని దెప్పుతూనే ఉంది.

వాళ్లిద్దరూ పోయి చాలా కాలమైంది. కుక్కని చూసొచ్చిన మర్నాడు డబ్బింగ్ కొన్నాను. ఇప్పుడంతా సింథటిక్, చిన్న చిన్న ప్యాకెట్లలో అన్ని రంగులూ దొరుకుతాయి. జిడ్డుండదు, వాసనుండదు, కడగక్కర్లేదు. తెచ్చి మా డైనింగ్ టేబుల్ నిండా పరిచాను. మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తి "కూల్, మమ్" అని మళ్లీ ఫోన్లోకి వెళ్లిపోయింది. మా ఆయన కాఫీ కప్పు పక్కకి జరిపి చోటిచ్చాడు. తీసెయ్యమని ఎవరైనా అంటారేమోనని, జవాబులన్నీ నాలిక చివర పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఎవరూ అనలేదు. ఒక్క ఈగైనా కట్టకుండానే అన్నీ ఎత్తి లోపల పెట్టేశాను.