కరెంటు పోయిన పూట చెప్పిన పాస్‌వర్డ్

తెర మీద వచ్చిన కాలేజీ పేరును మా మేనకోడలు రెండుసార్లు చదివింది. తర్వాత నా వైపు తిరిగి, "మామా, ఇది మనం పెట్టలే" అన్నది.

ఇంజనీరింగ్ సీట్ల కేటాయింపు వచ్చిన రోజు అది. భద్రాచలంలోని నెట్ సెంటర్ నిండా జనం. పిల్ల అడిగింది కొత్తగూడెంలోని సర్కారు కాలేజీ. ఆమె ర్యాంకుకు అది వస్తుందని తెలిసినవాళ్లందరూ చెప్పారు. వచ్చింది మాత్రం ఖమ్మం దారిలో కొత్తగా లేచిన ఒక ప్రైవేటు కాలేజీ. గోడలకు ఇంకా సున్నం కూడా పడలేదు.

మా బావ కౌంటర్ మీద అరచేత్తో కొట్టాడు.

"గీ కాలేజీ పేరు నా బిడ్డ నోట ఎన్నడన్న విన్నవా? ఎవనికి అమ్మినవ్, చెప్పు."

సెంటర్ యజమాని కుర్చీలోంచి లేవలేదు. "నేను అమ్ముడేందన్నా? మీ పాస్‌వర్డ్, మీ ఆప్షన్లు. బిడ్డనే ఇంటికాడ మనసు మార్చుకున్నదేమో."

"ఇంటికాడనా! మా కాడ బోరు మోటరే నడుస్తలేదు, కంప్యూటర్ నడుస్తదా?"

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. యజమానీ నవ్వి, నా వైపు తిరిగాడు. "రిపోర్టర్ సాబ్, మీ బావను బయటికి తోల్కపోండ్రి. రేపు పేపర్ల నా దుకాణం ముచ్చట వచ్చిందనుకో, మీ వార్తలు ఇక్కడికెల్లి పంపుడు బంద్."

ఆ బెదిరింపు ఉత్తది కాదు. ఊళ్లో నెట్ లైను సక్రమంగా ఉన్న సెంటర్ అదొక్కటే. నేను రోజూ అక్కడే కూర్చుని వార్తలు పంపేవాణ్ని. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

అసలు జరిగింది ఇది. బావ వాళ్ల ఊరు గోదావరికి అవతల, బూర్గంపాడు దాటి లోపలికి పోవాలి. సాయంత్రం ఒక్కటే బస్సు. ఆప్షన్లు, అంటే కోరిన కాలేజీల వరస, పెట్టిన రోజు తండ్రీకూతుళ్లు పొద్దున్నే వచ్చినా, వాళ్ల వంతు మధ్యాహ్నానికి గానీ రాలేదు. సగం పేర్లు ఎక్కించగానే కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు కీచుమని అదీ ఆగిపోయింది. బస్సు వేళకు కూడా కరెంటు రాలేదు. నేను ఆ రోజు కలెక్టర్ పర్యటన వెంట చర్లలో ఉన్నాను.

"పాస్‌వర్డ్ చెప్పిపొండ్రి, కరెంటు రాంగనే నేనే కొట్టేస్త" అన్నాడు యజమాని. అడవి పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లందరూ చేసేది అదే. బస్సు తప్పితే ఆడపిల్లతో బస్టాండులో పడుకోవాలి. పక్కనున్న జిరాక్స్ దుకాణంలో జనరేటర్ మోగుతోంది. పిల్ల చెప్పింది యజమానికి వినపడలేదు. పిల్ల గట్టిగా అరిచి, ఒక్కొక్క అక్షరం చెప్పింది. బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్లందరూ విన్నారు. వాళ్లలో ఒకడు పిల్లలను పిలిచి కూల్‌డ్రింకులు తాగించి, ర్యాంకులు అడుగుతున్నాడు. చంకలో ఆ కొత్త కాలేజీ ఫైలు. ఇదంతా తర్వాత పిల్ల చెప్పిందే.

మర్నాడు బావ వచ్చి ప్రింటు తీసుకుపోయాడు. అందులో పేర్లన్నీ మేం అనుకున్న వరసలోనే ఉన్నాయి. ఆ కాగితం చూసి అందరం నిశ్చింతగా ఉన్నాం. ప్రింటు తీసిన క్షణాన ఏం ఉందో ఆ కాగితం చెప్తుంది, అంతే. గడువు ముగిసేదాకా పాస్‌వర్డ్ తెలిసినవాడెవడైనా లోపలికి పోయి వరస తిప్పేయవచ్చు. ఎవడో తిప్పేశాడు.

కౌన్సెలింగ్ పుస్తకంలో ఇంగ్లీషులో లావాటి అక్షరాలతో రాసి ఉంది, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పవద్దని. ఆ వాక్యం రాసినవాడి మీద నాకు ఇప్పటికీ కోపమే. సొంత కంప్యూటరూ, పోని కరెంటూ, అరగంటకో బస్సూ ఉన్నవాడు రాసిన వాక్యం అది. చెప్పక తప్పనివాడు చెప్పిన తర్వాత ఏం చేయాలో అందులో ఒక్క ముక్క లేదు.

ఆ ముక్క నేను రాసి మా పేపరుకు పంపాను, జిల్లా కేంద్రానికి పోయి మరీ. పాస్‌వర్డ్ ఒకరికి చెప్పవలసి వస్తే, మర్నాడే వేరే సెంటర్‌లో కూర్చుని మార్చుకోండి. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోమంటావా అని కంప్యూటర్ అడిగితే వద్దనండి. పని అయ్యాక లాగౌట్ మీరే నొక్కండి, 'నువ్వు పో, నేను మూస్త' అనేవాడికి వదలకండి. గడువు ముగిసే రోజు మరోసారి తెరిచి చూసుకోండి, ప్రింటును నమ్ముకోకండి. పేపరు డెస్కులో బస్సు సంగతీ కరెంటు సంగతీ కొట్టేసి, 'పాస్‌వర్డ్ జాగ్రత్త' అని నాలుగు లైన్లు మూలన వేశారు. ఎందుకు కోశారని ఫోన్ చేస్తే, "జాగా లేదు" అన్నారు. ఆ పక్కనే ప్రైవేటు కాలేజీల ప్రకటనలు.

పోలీస్ స్టేషన్‌కూ పోయాం. ఏం పోయిందని అడిగాడు అక్కడి అధికారి.

"సీటు, సార్" అన్నాడు బావ.

"పోయిందంటవేందయ్యా? వచ్చింది గదా!"

హెల్ప్‌లైన్ సెంటర్‌లో ఇంకొంచెం మర్యాదగా చెప్పారు. సరైన పాస్‌వర్డ్‌తోనే గడువు చివరి రోజు మార్పు జరిగింది కాబట్టి, లెక్క ప్రకారం మార్చింది అభ్యర్థేనట. తిరుగుదారిలో బావ కూతురిని తిట్టాడు, "అంత గట్టిగ ఎందుకు ఒర్రినవే?" అని. "బస్సు పోతదని తొందరవెట్టింది నువ్వు గాదా నాయినా?" అన్నది పిల్ల.

రెండో విడతకు కొత్తగూడెంలో ఆమె కోరిన బ్రాంచిలో సీట్లు మిగల్లేదు. ఖమ్మం దారిలోని కాలేజీకి పోనని పట్టుబట్టి డిగ్రీలో చేరింది. గడువు చివరి రోజు ఆ వరసను ఏ కంప్యూటర్ నుంచి మార్చారో చెప్పమని ఆమె పేరుతో కౌన్సెలింగ్ ఆఫీసుకు అర్జీ పెట్టాం. దానికి జవాబు రాలేదు.