కుడికాలు పడిన పాట

నాన్న కట్టిన మార్చ్‌లో తప్పు పట్టుకున్నది నేనే. ‘అంత నోరేటే నీకు’ అని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. నోరు కాదు మహాప్రభో, ఆ తప్పు పట్టుకున్నది నా కాళ్లు!

డెబ్భైల చివరి మాట. నాన్న విశాఖపట్నంలో నౌకాదళం బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ఇరవై ఏళ్ల సర్వీసు ముగిసే ఏడాది అది. ఆ ఏడాది బ్యాండుమాస్టరు, మీలో ఎవరైనా సైనికులు అడుగులేసే కొత్త మార్చ్ పాట కడితే వచ్చే శనివారం వింటాను, బాగుంటే బీచ్ రోడ్డు పరేడులో వాయిద్దాం అన్నాడట. ఇంక చూడాలి మా ఇంటి సంబరం! రెండు గదుల క్వార్టర్సులో ఎక్కడ చూసినా స్వరాలు రాసుకునే అయిదు గీతల కాగితాలే. అన్నం కంచం పెట్టడానికి చోటుండేది కాదు.

నేను కాలేజీలో ఖాకీ డ్రెస్సు వేసుకుని పరేడు చేసేదాన్ని. అందుకని నాన్నకి నేనే సైన్యం. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి నన్ను నడిపించేవాడు. అమ్మ కిరసనాయిలు డబ్బా బోర్లించి డ్రమ్ము వాయించేది. మార్చ్‌కి ఒకటే నియమం. పెద్ద డ్రమ్ము దెబ్బ పడేసరికి ఎడమకాలు నేల మీద ఉండాలి. మొదటిసారి పాట అంతా చక్కగా నడిచింది. పాట తిరిగి మొదలయ్యేసరికి దెబ్బ నా కుడికాలి కింద పడింది.

“నాన్నా, కుడికాలు!”

“నువ్వే తడబడ్డావు. మళ్లీ నడు.”

మూడుసార్లు నడిచాను. మూడుసార్లూ కుడికాలే. నాన్న క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని కాగితం మీద దెబ్బలు వేలితో లెక్కపెట్టాడు.

సంగతేమిటంటే, ఆ పాట నాన్న కొత్తగా పుట్టించింది కాదు. మాది తరాలుగా సన్నాయి వాయించే ఇల్లు. చోడవరం అవతల మా ఊళ్లో పెళ్లికొడుకు ఊరేగింపులో మా వాళ్లు వాయించే పాటనే నాన్న బ్యాండుకి తగ్గట్టు కట్టాడు. ఆ పాట చివర సన్నాయి ఆగి ఊపిరి తీసుకుంటుంది. అక్కడ డోలు ఒంటరిగా ఒక్క దెబ్బ వేస్తుంది. పెళ్లివారి కాళ్లు ఎవరు లెక్కపెడతారు? కానీ వందలమంది సైనికుల కాళ్లకి ఆ ఒక్క దెబ్బ ఎక్కువైపోయింది. ఒక్క అడుగు పెరిగితే చాలు, ఎడమకాలి వంతు కుడికాలికి పోతుంది.

“అది తీసెయ్ నాన్నా, సరిపోతుంది” అన్నాను.

“మా తాత పెట్టిన దెబ్బమ్మా అది. మా అయ్యని అడక్కుండా తియ్యను. అసలు ఆయన ఒప్పుకోకపోతే ఈ పాటే ఇవ్వను.”

ఒప్పుకోవడమా? అమ్మ బాబోయ్! నాన్న పద్దెనిమిదో ఏట, నిండు పెళ్లిళ్ల సీజన్లో, మేళాన్ని రెండో సన్నాయి లేకుండా వదిలేసి బ్యాండులో చేరిపోయాడు. నాన్న వాళ్ల అయ్య, అంటే మా తాత, ఆ కోపం వదల్లేదు. మా ఇంటికి వచ్చేవాడు, తినేవాడు, నన్ను ముద్దు చేసేవాడు. నాన్న క్లారినెట్ పెట్టె తెరిస్తే మాత్రం చుట్ట తీసుకుని బయటికి పోయేవాడు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా కొడుకు వాయిద్యం వినలేదు.

నాన్న ఉత్తరం రాశాడు. గురువారం పొద్దున్నే మొదటి బస్సుకి తాత దిగిపోయాడు. కాళ్లు కడుక్కోలేదు, మంచినీళ్లు ముట్టలేదు.

“పాటని కాయితం మీదకెక్కించేసినావంట. ఏదీ, సూపించు!” నాన్న కాగితం ఇచ్చాడు. తాత అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. “ఇదేటిరా, బట్టలారేసే తాళ్లలాగ! ఇనుకో. ఇది మా అయ్య పాట. నీది కాదు, నాదీ కాదు. సిపాయిలకిత్తే నానూరుకోను.”

నాన్న తలొంచుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఇనకుండానే తిడతావేటి తాతా? ఇన్నేళ్లలో నాన్న వాయించింది ఒక్కపాలైనా ఇన్నావేటి?”

అమ్మ నా చెయ్యి గిల్లింది. తాత నన్నే చూస్తూ అరుగు మీద చతికిలబడ్డాడు. “సరే. వాయించమను.”

నాన్న క్లారినెట్ పెట్టె తెరిచాడు. పాట ఎత్తుకున్నాడు. అమ్మ డబ్బా, నా నడక. తాత కళ్లు మూసుకున్నాడు. రెండోసారి పాట అందుకునేసరికి కావాలనే కుడికాలు గట్టిగా తాటించాను.

“ఆగు! ఈ గుంటదాని కాలేటి, తేడాగా పడతంది?”

సంగతి చెప్పాను. తాత మళ్లీ నడవమన్నాడు. నడిచాను. ఇంకోసారన్నాడు. అమ్మ పొయ్యి మీద పప్పు మాడిపోయింది, ఎవరికీ పట్టలేదు. చివరికి తాత అమ్మ దగ్గర డబ్బా లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాడు. పాట చివరికొచ్చింది, క్లారినెట్ ఆగింది. తాత దెబ్బ వేశాడు. వెంటనే ఇంకోటి వేశాడు. ధన్! ధన్! రెండడుగులు పెరిగాయి, పాట తిరిగి మొదలయ్యేసరికి నా ఎడమకాలు సరిగ్గా దాని చోట పడింది.

నేను వేసిన కేకకి పక్క క్వార్టర్సు వాళ్లు బయటికొచ్చారు.

“తియ్యడమేటిరా? ఇంకోటెయ్యి! అంత మంది ఊదుతారు, అందరికీ ఊపిరాడాలి కదా” అన్నాడు తాత. పాట ఇచ్చుకోమన్నట్టు చెయ్యి ఊపాడు. బాగుందని మాత్రం అనలేదు. మధ్యాహ్నం బస్సుకే ఊరెళ్లిపోయాడు.

శనివారం నాన్న సైకిలు స్టాండైనా వెయ్యకుండా గోడకి పారేసి లోపలికొచ్చాడు. “పాసైపోయింది! ఆ రెండు దెబ్బల దగ్గర బ్యాండుమాస్టరు మళ్లీ మళ్లీ వాయించమన్నాడు!” అమ్మ ఏడ్చింది, నేను గెంతాను. నాన్న మాత్రం అంతలోనే చల్లబడి, “పరేడుకి మా అయ్య వస్తాడంటావా?” అన్నాడు.

వచ్చాడు. పరేడు రోజు బీచ్ రోడ్డు మీద, తాడు కట్టిన చోట నా పక్కనే నిలబడ్డాడు. బ్యాండు వస్తోంది! మా పాట! పాట చివర ధన్, ధన్, అన్ని వందల ఎడమకాళ్లూ ఒక్కసారే పడ్డాయి. నాన్న మా ముందు నుంచే వెళ్లాడు, తల తిప్పకూడదు కదా, తిప్పలేదు. మా ఊళ్లో మేళం వీధి వీధికీ ఆగుతుంది, బాగుంటే మళ్లీ వాయించమంటారు. ఇక్కడ పాట మమ్మల్ని దాటి పోతూనే ఉంది.

“అదేటి, ఆగరేటి?” తాత కంగారుపడ్డాడు.

“ఆగరు తాతా. ఇది మార్చ్.”

తాత పంచె ఎగ్గట్టి జనంలోంచి పరుగు తీశాడు. డెబ్భై ఏళ్ల మనిషి! నేను వెనకాలే. ఒక కానిస్టేబులు లాఠీ అడ్డం పెట్టాడు.

“ఒగ్గీయ్ బావూ! నా కొడుకు పాట ఎలిపోతంది!”

కానిస్టేబులు లాఠీ దించేశాడు.

సాయంత్రం తాత లోపల నడుం వాల్చాక, నాన్న గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ, “మా అయ్య ఏమైనా అన్నాడా?” అని నెమ్మదిగా అడిగాడు. కానిస్టేబులుతో అన్న మాట చెప్పాను. నాన్న చేతిలోని బూటు కింద పెట్టాడు.

“ఎవరి పాటన్నాడు? మళ్లీ చెప్పు.”

చెప్పాను.

“ఇంకోసారి చెప్పమ్మా.”