పది ఫ్లాపీలకీ బొట్టు

ఎనభైల చివర్లో యానాం నుంచి వచ్చి, పుదుచ్చేరి రెడ్డియార్‌పాళయంలో అద్దెకుంటూ పీహెచ్‌డీ చేసేవాణ్ణి. థీసిస్ మొత్తం నా గదిలోని పాత కంప్యూటర్లోనే ఉంది. ఆయుధపూజకు ఊరెళుతూ పది ఫ్లాపీల్లోకి బ్యాకప్ తీసి, కాగితపు కవర్లలో కంప్యూటర్ పక్కనే భద్రంగా పెట్టాను. తాళం ఇంటావిడకిచ్చి, "నా కంప్యూటర్‌కి కూడా పూజ చెయ్యండి పిన్నిగారూ" అని మరీ చెప్పాను.

తిరిగొచ్చేసరికి హార్డ్ డిస్క్ పోయింది. థీసిస్ ఇవ్వడానికి వారమే గడువు. బ్యాకప్ ఉందన్న ధీమాతో కొత్త హార్డ్ డిస్క్ వేయించి, మొదటి ఫ్లాపీ పెట్టాను. కీచుమని చప్పుడు. ఈ డిస్క్ చదవలేనంటూ తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం. బయటికి లాగి చూస్తే, లోపలి డిస్క్ కనిపించే సందులో ఎండిన గంధం, కుంకుమ! మిగతా తొమ్మిదీ తీశాను. అన్నిటికీ సరిగ్గా అక్కడే.

"కవర్లు ఎందుకు తీశారు పిన్నిగారూ?" అని అరిచాను. ఏడుపొక్కటే తక్కువ.

"ఏందప్పా అట్ట అరస్తావు? చొక్కా మింద ఎవురన్నా బొట్టు పెడతారా? ఆడ నున్నగా మెరస్తా ఉంటే నుదురనుకున్నా. నీకు పట్టా రావాలని ఒక్కోదానికీ మొక్కి పెట్టినా" అందావిడ.



గడువు దాటిపోయింది. చిత్తుకాగితాలు ఏరుకుని ఆరు నెలలు మళ్లీ టైపు చేశాను. ఆవిణ్ణి ఏమనగలను? పూజ చెయ్యమన్నది నేను. ఫ్లాపీకి నుదురెక్కడో చెప్పనిదీ నేనే.