భయానికి కట్టిన తాయెత్తు

ఆ రోజు ఆ అమ్మాయి చెప్పిన మాటను నేను వాళ్లింట్లో ఎవరికీ చెప్పలేదు. ఆమె చేతులతో చెప్పింది. ఆ ఇంట్లో ఆ చేతుల భాష తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. "ఏమంటుంది సారూ?" అని అందరూ నా వైపు తిరిగితే ఆమె అనని మాట చెప్పాను.

పోయిన వేసవిలో కామారెడ్డి సభలో ఒక తల్లి నన్ను తిట్టిన సంగతి మా ఉద్యోగుల్లో ఇంకా నలుగుతూనే ఉంది. "పోనీ లెండి సార్, చదువురాని మనిషి, మంచివాళ్లకే మాటలు పడతాయి" అని ఓదార్చేవాళ్లున్నారు. ఆ ఓదార్పు నాకు వద్దు. ఆమె తిట్టింది సరిగానే తిట్టింది. ఎందుకు తిట్టిందో వాళ్లకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

అప్పట్లో నేను ఎల్లారెడ్డి వైపు బళ్లలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు టీచర్‌ని. కాంట్రాక్టు ఉద్యోగం. పదో తరగతి దాకా ఆ పిల్లలు ఎలాగోలా బడికొస్తారు. ఆ తర్వాత ఇంట్లోకి పోయి మళ్లీ కనపడరు. అలా కాకుండా చూడటం, పదో తరగతి అయిపోయినవాళ్ల ఇండ్లకు పోయి తర్వాతేమిటో మాట్లాడటం నా పని.

ఆ అమ్మాయికి పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. శిక్షణలో నేను నేర్చుకున్న సైగలు కొన్ని, ఆమె సొంతంగా కల్పించినవి కొన్ని కలిపి మాట్లాడుకునేవాళ్లం. ఇంట్లోవాళ్లకు తిండీ పనీ సైగలు తప్ప ఇవేవీ తెలియవు. తలకు హెల్మెట్ పెట్టుకున్నట్టు చేస్తే నేను. మోచేతులు మడిచి రైలు చక్రాల్లా తిప్పితే కామారెడ్డి, ఎల్లారెడ్డికి రైలు లేదు కనుక. పదో తరగతి పాసయింది. కామారెడ్డి కాలేజీలో ఒకేషనల్ కోర్సు ఉంది, కంప్యూటర్ నేర్పుతారు. హాస్టల్లో సీటు దొరికేదాకా బస్సులో పోయి రావాలి. ఆ సంగతి చెప్పడానికే వాళ్లింటికి పోయాను.

తండ్రి దుబాయిలో ఉన్నాడు. ఇంట్లో పెత్తనం పెదనాన్నది. తల్లీ కూతురూ ఒళ్లో చాటలు పెట్టుకొని బీడీలు చుడుతున్నారు. పెదనాన్న మంచం మీద నుంచి లేవలేదు.

"చెవులు లేని పిల్ల సారూ. కామారెడ్డి బస్టాండ్ల దిగి ఎటు పోతది? ఎన్కకెళ్లి లారీ హారన్ కొడితే ఇనపడ్తదా?"

"జాగ్రత్తలు నేర్పుతమే" అన్నాను.

"పూచీ ఉంటవా? ఏమన్నయితే మీ ఆఫీసు ముంగట కూసుంట. నీ కొలువు ఉంటదో ఊడ్తదో నువ్వే చూస్కో. పిల్ల చేతులు చూడు, తల్లిని మించి చుడ్తుంది బీడీలు. గా కంపూటర్ ఏం పెడ్తది మాకు?"

తల్లి బీడీకి దారం చుట్టడం ఆపింది. "బావా, గట్లనకు. పిల్లనే అడుగుండ్రి. పోతనంటే పంపుత. వాళ్ల బాపుకు ఫోన్ల నేనే చెప్పుకుంట."

ఇది గుర్తుంచుకోండి. ఆ తల్లి అడ్డుపడలేదు.

నేను అడిగాను. అమ్మాయి చాట కింద పెట్టింది. చేతులకంటిన పొగాకు పొడి దులుపుకుంది. రైలు చక్రాలు తిప్పింది. పుస్తకం తెరిచింది. చాటను చూపించి వద్దంది. తర్వాత హెల్మెట్ పెట్టుకున్నట్టు చేసి, పక్కన కూర్చోమన్నట్టు మంచం పట్టెను తట్టింది. నేను కామారెడ్డి పోతాను, చదువుకుంటాను, బీడీలు చుట్టను. మొదట్లో కొన్నాళ్లు బస్సులో నువ్వు తోడు రా. అదీ ఆమె చెప్పింది.

"ఏమంటుంది సారూ?"

పెదనాన్న ఆఫీసు ముందు కూర్చోవడం కళ్ల ముందు కదిలింది. పొద్దున్నే లేచి ఆ బస్సెక్కడం కూడా. నిజానికి రెండోదే ఎక్కువ బరువనిపించింది.

"భయమైతుందంటుంది" అన్నాను.

పెదనాన్న నవ్వాడు. "నేనేం జెప్తున్న మరి!" తల్లి కూతురి తల నిమిరి మళ్లీ చాట ఒళ్లోకి తీసుకుంది. అమ్మాయి అందరి ముఖాలూ చూసి నా వైపు తిరిగి, ఏమన్నారని అడిగింది. అమ్మ వద్దంటోందని సైగ చేశాను. చాయ్ తాగి వచ్చేశాను.

మొదటి అబద్ధం ఆమె చదువును ఆపింది. రెండోది ఆమెను తల్లికి దూరం చేసింది. నేను ఆ వీధికి పోవడం మానేశాను, తర్వాత కామారెడ్డికి బదిలీ చేయించుకున్నాను. కొన్నేళ్లలో, ఇలాంటి పిల్లల విషయంలో సలహా అడగాలంటే నన్నే అడగాలన్న పేరు తెచ్చుకున్నాను.

పోయిన వేసవి సభ, పదో తరగతి దాటిన పిల్లల తల్లిదండ్రుల కోసం పెట్టింది. నాకు శాలువా కప్పి మైకు ఇచ్చారు. అలవాటైన ఉపన్యాసమే చెప్పాను. పిల్లలకు ధైర్యం ఉంటుంది, ఆపేది తల్లిదండ్రులే, మీ భయాలు పిల్లలకు అంటించకండి అని.

వెనక వరుసలో ఒకామె లేచింది. గుర్తుపట్టాను. పక్కన కూతురు, ఇప్పుడు పెద్దదైంది. ఎల్లారెడ్డిలో నా తర్వాత వచ్చిన టీచరమ్మ వాళ్లను వెంటబెట్టుకొచ్చింది.

"సారూ, నేనేడ ఆపిన? నీ ముంగట్నే పంపుతనన్న గద. పిల్లకే భయమాయె. దర్గకాడ తాయెత్తు కట్టించిన భయం పోవాలెనని. తెంపి నా మీదికే ఇసిరింది. అప్పటిసంది నా మొకం సక్కగ చూడదు. నన్నంటవేంది?"

టీచరమ్మ ఆ మాటలన్నీ అమ్మాయికి సైగలతో చెబుతోంది. భయమన్న సైగ దగ్గర అమ్మాయి టీచరమ్మ చెయ్యి పట్టుకుంది. మళ్లీ చెప్పమంది. ఎవరికి భయం? నీకే, అంది టీచరమ్మ. ఆ తాయెత్తు దేనికి కట్టారో ఆ పిల్లకు అంతవరకూ తెలియదు. కామారెడ్డి పోవద్దని కట్టారనుకుందట.

అమ్మాయి నా వైపు చూసి చేతులాడించింది. "సార్, ఆ రోజు తనేం చెప్పిందో మిమ్మల్ని చెప్పమంటోంది" అంది టీచరమ్మ.

"చాలా ఏండ్లయింది కదమ్మా, గుర్తులేదు" అన్నాను మైకులో.

అమ్మాయి నడిచి వేదిక ముందుకొచ్చింది. రైలు చక్రాలు తిప్పింది. పుస్తకం తెరిచింది. ఒళ్లో లేని చాటను తోసేసింది. హెల్మెట్ పెట్టుకుంది, పక్కన కూర్చోమని గాలిలో తట్టింది. టీచరమ్మ ఒక్కొక్కటీ పైకి చెప్పింది.

తల్లి నా వైపు తిరిగింది. "ఆనాడు గిదే చెప్పిందా?" అంది. "థూ! నా బిడ్డ నన్ను పగదాన్ని చూసినట్టు చూసె. నేనేమో భయం దియ్యనీకి దర్గలెంబడి తిరుగుతి. ఆ ఒక్క మాట చెప్తె నీకేం పోయేది సారూ?"

నిర్వాహకుడొకడు పరుగెత్తాడు. "అమ్మా కూసో, సన్మానం నడుస్తుంది."

"సన్మానమా? కప్పుండ్రి, ఇంకోటి కూడ కప్పుండ్రి. ఎండకాలంల సారుకు సలి పెడుతున్నట్టుంది!"

ఎవరో నవ్వారు. ఆమెను బయటికి పంపించారు, నేను పంపవద్దని అనలేదు. మైకు కింద పెట్టి పక్క తలుపులోంచి జారుకున్నాను.

ఎల్లారెడ్డి పోవడానికి వానలు పడేదాకా ధైర్యం చాలలేదు. పోయేసరికి తల్లి గడపలో బీడీలు చుడుతోంది. మంచినీళ్లు ఇవ్వలేదు, కూర్చోమనలేదు. కూతురు కామారెడ్డిలో కంప్యూటర్ కోర్సుకు పోతోందని టీచరమ్మ ముందే చెప్పింది. బస్సులో మొదట్లో తోడు పోయింది తల్లేనట. ఆ రోజు సెలవేమో, అమ్మాయి ఇంట్లోనే ఉంది.

"ఇంకేం మిగిలిందని వచ్చినవ్?" అంది తల్లి.

నేను అమ్మాయి వైపు తిరిగి చేతులెత్తాను. ఆమె ఆపింది. తల్లిని చూపించి, నా నోటిని చూపించింది. తల్లివైపు తిరిగి నోరు తెరిస్తే మళ్లీ ఆపి నా చేతులు చూపించింది. రెండూ కలిపి చెప్పమంటోంది, ఒకదానికొకటి తేడా రాకుండా. తల్లి కూడా చాట పక్కన పెట్టి నా చేతులనే చూడటం మొదలుపెట్టింది. కూతురి చేతులు చదవడం ఆమె నేర్చుకుంటోందని అప్పుడర్థమైంది.

నోటితో మెల్లగా, చేతులతో దానికి సరిపోయేలా చెప్పాను.

"ఆనాడు నీ బిడ్డ పోతనన్నది. భయమని నేను అబద్ధం చెప్పిన. నువ్వు వద్దన్నవని ఆమెకు ఇంకో అబద్ధం చెప్పిన. భయమైంది నాకు. తప్పు చేసిన తల్లీ. తప్పు చేసిన బిడ్డా."