కిందనుంచి వచ్చిన మామిడికాయ

మా కొండల్లో ఏ పంటనైనా, ఏ కాయనైనా దానికి 'కొత్త' జరగకుండా నోట పెట్టకూడదు. కొర్రలకు కొర్రకొత్త, కందులకు కందికొత్త, మామిడికి మామిడికొత్త. పెద్దలు రోజు నిర్ణయిస్తారు. ఊరంతా కొండదేవత రాయి దగ్గర చేరి మొదటి కాయలు ఆమె ముందు పెట్టి, ఆ తరువాతనే తాము తింటారు. ఇది మూఢనమ్మకమని రాసిన వ్యాసాలు నేను చదివాను. రాసినవారిలో ఒక్కరైనా మా ఊళ్లో ఒక వానాకాలం గడిపినవారు కారని మాత్రం గట్టిగా చెప్పగలను. పిందెలప్పుడే పిల్లలు చెట్టును దులిపేస్తే టెంక ముదరదు. టెంక ముదరకపోతే, గాదెలో గింజలు అడుగంటిన వానరోజుల్లో ఆ టెంకల పిండితో కాచుకునే అంబలి ఉండదు. ఇంత స్పష్టమైన కారణమున్న నియమాన్ని పట్టుకుని నవ్వేవారిని చూస్తే నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే.

అయితే కారణం తెలియకుండా నియమాన్ని మోసేవారి మీద కూడా నాకు అంతే కోపం. నేను చెప్పబోయేది ఆ రెండో కోపం గురించి.

తొంభైల చివరి సంవత్సరాలవి. నేను మా ఊరికి దిగువనున్న ప్రభుత్వ బడిలో ఉపాధ్యాయుణ్ని. ఊళ్లో ఏ కొత్త ఎప్పుడు జరిగింది, ఆ యేడు తొలివాన ఎప్పుడు పడింది, ఎవరింట ఏ తప్పుకు ఏ శిక్ష వేశారు అన్నవి రాసిపెట్టుకోవడం నా అలవాటు. మరెవరూ రాయడం లేదు కనుక నేను రాశాను. మా పెద్దవాడు మూడో తరగతి, చిన్నవాడు ఒకటో తరగతి. పెద్దవాడికి కాలు నిలిచేది కాదు. చిన్నవాడికి ప్రశ్న ఆగేది కాదు. ఇంట్లో నా భార్య, మా అమ్మ.

ఆ యేడు పూతవాన రాలేదు. కాఫీ మొగ్గలు విచ్చుకోకుండా కొమ్మల మీదే బిగుసుకుపోయాయి. పగలంతా వేడిగాలి రేగి పెరట్లో ఆకుల్ని గోడవారకు తోసేది. ఊళ్లో ఎవరూ కుదురుగా లేరు. అరుగు మీద కూర్చున్నవాడు కాసేపటికే లేచి చెట్ల వైపు వెళ్లి, మొగ్గ గిల్లి చూసి, తిరిగి వచ్చి కూర్చునేవాడు. నేనూ అదే చేసేవాణ్ని.

శుక్రవారం అరకు సంతకు పిల్లలిద్దరినీ తీసుకువెళ్లాను. రైలులో కింద మైదానంనుంచి వచ్చిన ఒక ఆవిడ గంపలో పచ్చి మామిడికాయలు పెట్టుకుని, ముక్కలు కోసి, ఉప్పూకారం అద్ది అమ్ముతోంది. మా చెట్ల మీద అప్పటికి కాయ నిమ్మకాయంత కూడా లేదు. పెద్దవాడు అక్కడే ఆగిపోయాడు.

"తీసుకో బాబూ, కొత్తవలస తోటలోయి. పులుపు సూస్తే సెవులు మూసుకుపోతాయి," అన్నది ఆవిడ.

చిన్నవాడు నా చెయ్యి లాగాడు. "కొత్త అవనేదు కదా నాన్నా?"

నేను వాడికి నిలబడి వివరించాను. కొత్త అనేది మన కొండమీది చెట్టుకు. ఈ కాయ కిందనుంచి వచ్చింది. దీని చెట్టు మన దేవత కాపలాలో లేదు. దీన్ని తింటే మన టెంకల్లో ఒక్కటీ తగ్గదు. కనుక ఇది తప్పు కాదు.

"తింటే ఏటీ అవదా?"

"ఏమీ కాదు."

ఇద్దరూ తిన్నారు. నాకు వరుసకు వదినయ్యే పొరుగింటావిడ అల్లం బుట్ట నెత్తిన పెట్టుకుని అటుగా పోతూ మమ్మల్ని చూసింది. చూసి ఊరుకునే మనిషి కాదని నాకు తెలుసు. అయినా దాచుకోవలసిన పని ఏదీ నేను చేయలేదు కనుక ఆవిడకు నమస్కారం కూడా పెట్టాను.

వారం తిరక్కుండానే మా అమ్మకు జ్వరం వచ్చింది. ముందు వణుకు, తరువాత కాక, ఆ తరువాత చెమట. మా ప్రాంతంలో పుట్టినవాడికి ఆ జ్వరమేమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. ఆసుపత్రికి జీపులో తీసుకువెళ్లాను. డాక్టరు పోస్టు ఖాళీగా ఉంది. కుర్చీ ఉంది, బల్ల ఉంది, గోడ మీద దోమల బొమ్మ ఉంది. నర్సమ్మ వేలు పొడిచి గాజుపలక మీద నెత్తురు తీసి, ఫలితం కిందనుంచి వచ్చేసరికి ఆలస్యమవుతుందని చెప్పి, మాత్రలు ఇచ్చి పంపింది. జ్వరం ఈ పక్కన, జవాబు ఆ పక్కన. ఈ ఏర్పాటు చేసినవాడెవడో నాకు దొరికితే అడగవలసినవి చాలా ఉన్నాయి.

చిన్నవాడు ఆ రోజునుంచే మారిపోయాడు. తిండి దగ్గర కూర్చుంటాడు, ముద్ద పట్టుకుని లేచిపోతాడు. బడిలో అక్షరం మధ్యలో బలపం ఆపి కిటికీలోంచి మా ఇంటివైపు చూస్తాడు. ఇంటికి రాగానే మా అమ్మ మంచం దగ్గరకు పోయి, ఆమె ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, ఊపిరి తగిలాక బయటికి వస్తాడు. మళ్లీ పోతాడు.

"నన్ను సూడ్డానికేటుందిరా, సినిమానా?" అని మా అమ్మ దుప్పట్లోంచి కసిరేది. "బేగెల్లి ఆడుకో, ఫో."

ఒక సాయంత్రం వాడు నన్నే అడిగాడు. "కొత్త అవకుండా తింటే ఇంట్లో ముసిలోళ్లు సచ్చిపోతారంట. నిజివేనా?"

"ఎవరు చెప్పారు?"

"అందరూ."

నేను మళ్లీ మొదటినుంచి వివరించాను. జ్వరం దోమవల్ల వస్తుందని, కిందనుంచి వచ్చిన కాయకూ మన కొండకూ సంబంధం లేదని. వాడు తల ఊపాడు. ఊపి, లేచి, మంచం దగ్గరకు వెళ్లాడు.

పెద్దవాడి పెదవి పక్కన ఈలోగా ఒక నల్లటి మచ్చ తేలింది. ఏమిటని అడిగితే "సీమ కుట్టింది" అన్నాడు. వాణ్ని పట్టుకుని వెలుతురులో చూసేలోపే జారిపోయాడు.

"సదువు సెప్పే పంతులికి కొడుకు మూతి మీదున్నది సదవడం రాదు," అని నా భార్య పొయ్యి దగ్గరనుంచే నవ్వింది. ఆ నవ్వుకు అర్థం ఆలోచించే తీరిక నాకు ఆ రోజు లేదు. ఎందుకంటే ఊరి పెద్దనుంచి కబురు వచ్చింది. కొత్త రోజు పెట్టేముందు మా ఇంటి సంగతి తేల్చాలట. పూతవాన రాలేదు, మా అమ్మ మంచం పట్టింది, సంతలో మా పిల్లలు మామిడికాయ తిన్నారు. ఈ మూడింటినీ వదిన ఒకే దండలో గుచ్చింది.

మరునాటి పొద్దున్న అందరూ రాయి దగ్గర చేరారు. నేను నా పుస్తకం తీసుకువెళ్లాను. పిల్లలిద్దరినీ తేవాలన్నారు కనుక వాళ్లూ వచ్చారు. పెద్దవాడు ఒంటికాలి మీద గెంతుతున్నాడు. చిన్నవాడు నా పంచె అంచు పట్టుకుని నిలబడ్డాడు.

ఊరి పెద్ద నాకు మేనమామ వరుస. ఆయన చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకుని అడిగాడు. "పిల్లలు తిన్నారా, నేదా?"

"తిన్నారు మావా. నేనే కొనిపెట్టాను. అది కింద కాయ."

"కింద మామిడి మామిడి కాదేటి? దానికి కొమ్ములుంటాయా?" అన్నది వదిన. అందరూ నవ్వారు.

నేను నవ్వు ఆగేదాకా ఆగి చెప్పాను. "వదినా, మన మడిలో కొత్తబియ్యం వరికొత్త దాకా ఎవరమూ ముట్టము. మరి డిపోలో ఇచ్చే రేషను బియ్యం? నిన్న నీ ఇంట్లో ఏ బియ్యం వండావు? అది కిందనుంచి వచ్చిన కొత్తబియ్యమో పాతబియ్యమో ఎప్పుడైనా అడిగావా? దానికి ఎవరైనా ఇక్కడ తప్పు కట్టారా? నేను రాసిపెట్టుకున్నంతలో ఒక్కరూ లేరు."

"రాసుకున్నావు సరే అల్లుడా," అన్నాడు పెద్ద. "కొండ నీ కాగితం సదివిందేటి?"

"చదవకపోతే డిపో బియ్యం తిన్న ప్రతి ఇంటిలోనూ ఈపాటికి పీనుగు లేవాలి మావా."

గాలి వచ్చి రాయి చుట్టూ దుమ్ము లేపింది. వెనకనుంచి ఒక ముసలాయన "అదీ నిజివే. బియ్యానికి నేని పట్టింపు కాయకెందుకు?" అన్నాడు. పెద్ద చుట్టను చెవి వెనకనుంచి తీసి, చూసి, మళ్లీ అక్కడే పెట్టాడు. ముసలివాళ్లంతా కాసేపు తమలో తాము మాట్లాడుకున్నారు. చివరకు పెద్ద చెయ్యి ఊపాడు.

"పోనీండి. కింద కాయకి తప్పు నేదు. పంతులు నెగ్గేడు."

నేను పుస్తకం మూశాను. ఆ క్షణంలో నా పంచె అంచు మీద పట్టు వదిలింది. చిన్నవాడు ముందుకు నడిచి ఊరి పెద్ద మోకాళ్ల ముందు నిలబడ్డాడు.

"తాతా, మా పెరట్లో కాయలు కూడా తిన్నాం."

పెద్దవాడు గెంతడం ఆపాడు. "నోర్ముయ్యిరా!"

"ఎన్ని తిన్నార్రా?" అన్నాడు పెద్ద.

"రెండు. అన్న ఒకటిన్నర, నాకు సగం. సొన తగిలి ఆడి మూతి కాలిపోనాది."

"నాన్నే సెప్పేడు ఏటీ అవదని!" అని అరిచాడు పెద్దవాడు. "కింద కాయకి ఏటీ అవకపోతే, మన కాయకి మాత్రం ఏటవుద్దని సూసేం!"

ఊరు ఊరంతా విరగబడి నవ్వింది. వదిన కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "పంతులు బాగా సెప్పినట్టున్నాడు పాఠం! ఓరి గుంటడా, నువ్వు కలకటేరైపోతావురా!"

నిర్ణయం వెంటనే వచ్చింది. మా ఇల్లు దేవతకు కోడిని ఇవ్వాలి. కొత్త అయ్యేదాకా పిల్లలిద్దరూ రోజూ పొద్దున్నే ఊటనుంచి నీళ్లు తెచ్చి రాయిని కడగాలి. కొత్తనాడు మా ఇల్లు వరసలో అందరికన్నా చివర నిలబడాలి. నేను అభ్యంతరం చెప్పాను. పెరటి కాయ తప్పే, దానికి కోడి న్యాయమే. కానీ సంత కాయను అందులో కలపకూడదు, తప్పు లేదని ఒకసారి తేల్చాక మళ్లీ దాన్ని తెచ్చి శిక్షలో జోడించకూడదు అన్నాను. చివర నిలబెట్టడం ఇంటి యజమాని చేసిన తప్పుకు వేసే శిక్ష అని పుస్తకం తెరిచి చూపించాను.

"రెండూ ఒక్క కడుపులోకే ఎల్లేయి కదా అల్లుడా," అని పెద్ద లేచిపోయాడు.

దారి పొడుగునా నాకు ఒళ్లు మండిపోయింది. గెలిచిన వాదం అది. ఇంట్లోకి రాగానే చిన్నవాణ్ని నిలదీశాను. "తప్పు లేదని వాళ్లే అన్నారు కదా. నువ్వెందుకు నోరు తెరిచావు?"

వాడు నా వంక అయోమయంగా చూశాడు, ఇంత తేలిక సంగతి నాకెలా తెలియలేదో అన్నట్టు.

"తప్పు నేదనేసేరు కదా నాన్నా. తప్పు నేకపోతే కోడినియ్యరు. కోడినియ్యకపోతే అవ్వకి జొరం ఎలా పోద్ది?"

అని, పొయ్యి దగ్గరకు వెళ్లి అంబలి అడిగాడు. గిన్నెడు తాగి, ఇంకో గిన్నె తాగి, మట్టి అరుగు మీద పట్టపగలు, ఎండ కాళ్ల మీద పడుతుండగానే నిద్రపోయాడు. నా భార్య వాడి ముఖం మీద పడ్డ జుట్టు పక్కకు తీసింది.

"పంతులుగారు నెగ్గుంటే వీడు ఇంకా తిరుగుతూనే ఉండేవోడు," అన్నది.

"జ్వరం మాత్రలతో తగ్గుతుంది," అన్నాను.

"తగ్గనీండి. ఈడికెవరు మాత్రిచ్చేరు?"

బయటికి వచ్చి పెరట్లో చెట్టు కింద అటూ ఇటూ నడిచాను. మా అమ్మ జ్వరం ఇంకా కొన్నాళ్లు పట్టి వదిలింది. మాత్రల కోర్సు పూర్తయ్యాక పూర్తిగా తగ్గిందని నేను రాసుకున్నాను. కోడి నెత్తురు రాయి మీద పడ్డాక తగ్గిందని మా అమ్మ అందరితో చెప్పింది. గాజుపలక ఫలితం మాత్రం ఆమె లేచి కొర్రలు దంచుకునేదాకా కొండ ఎక్కి రాలేదు.

కొత్త రోజున మేము చివర నిలబడ్డాం. మా ముందు ఊరంతా. ఒక్కొక్క ఇంటివాళ్లు వెళ్లి, దేవత ముందు పెట్టిన కాయముక్కలు దోసిట్లో తీసుకుని, తింటూ మా పక్కనుంచే తిరిగి వస్తున్నారు. వదిన వెళ్తూ "పులుపుందా మరిదీ కింద కాయంత?" అని కన్నెగరేసింది. నేను ఇంటినుంచి బయలుదేరేటప్పుడే ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నాను. వరసలో నిలబడతాను, పిల్లలకు ఇప్పిస్తాను, కానీ నేను తినను. తింటే చివరి చోటును ఒప్పుకున్నట్టు. తినకపోవడమే నా అభ్యంతరం, దాన్ని ఊరు చూడాలి.

మా వంతు వచ్చింది. మా అమ్మ కర్ర పట్టుకుని వచ్చి తన ముక్క తీసుకుంది. నా భార్య తీసుకుంది. పెద్దవాడు రెండు తీసుకోబోయి చేతిమీద దెబ్బ తిన్నాడు. చిన్నవాడు తన ముక్క నోట్లో పెట్టుకున్నాడు కానీ నమలలేదు. నా అరచేతిలోని ముక్క వంక చూస్తున్నాడు.

"నాన్నా, నువ్వు తినవేటి?"

"తరువాత."

వాడి కళ్లు మా అమ్మ మీదకు పోయాయి. మళ్లీ నా చేతి మీదకు వచ్చాయి. బుగ్గలో ముక్క అలాగే ఉంది.

నేను తిన్నాను. నేను మింగేదాకా వాడు నా గొంతు వంకే చూసి, అప్పుడు నమలడం మొదలుపెట్టాడు.