నాలుగో బెడ్డు మెలకువ వేళలు

మా వీధి కుళాయికి నేను వాకింగ్‌కి వెళ్ళినప్పుడే నీళ్ళు వస్తాయి. తిరిగొచ్చేసరికి గొట్టం గాలి ఊదుతూ ఉంటుంది. ఫిర్యాదు చేస్తే, నీళ్ళు రోజూ వదులుతున్నామనీ, నేనే ఇంటి దగ్గర ఉండటం లేదనీ వాల్వు తిప్పే ఆయన ఎంతో మర్యాదగా చెప్పాడు. రికార్డు ప్రకారం మా ఇంటికి నీటి ఎద్దడి లేదు. మా బకెట్టు ఇంకా ఆ రికార్డు చదివినట్టు లేదు.

కోవిడ్ రావడానికి రెండేళ్ళ ముందు నన్ను అనకాపల్లిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూకి ఇన్‌చార్జిగా వేశారు. ఇన్‌చార్జి అంటే డ్యూటీ చార్టు వేసేవాడు, మందుల బీరువా తాళం మోసేవాడు, డాక్టరుకి కోపం వస్తే ముందు నిలబడేవాడు. నేను బీఎస్సీ నర్సింగ్ చదివిన మగవాణ్ణి. ఆడవాళ్ళని సిస్టర్ అన్నట్టే నన్ను బ్రదర్ అనేవారు. పల్లెల నుంచి వచ్చినవాళ్ళలో కొందరు కాంపౌండరు గారూ అనేవారు. నేను దిద్దలేదు. గౌరవం అందులోనే కాస్త ఎక్కువ వినిపించేది.

ఎనిమిది మంచాలు. సగానికి పైగా మంచాల్లో గొంతులోకి గొట్టం వేసి, మిషను మీద ఊపిరి ఆడిస్తున్న మనుషులు. గొట్టాన్ని ఓర్చుకోవడానికి వాళ్ళకి మత్తుమందు ఒక పంపు ద్వారా చుక్కచుక్కగా ఎక్కుతూ ఉంటుంది. మత్తు వేరు, నిద్ర వేరు. మత్తులో ఉన్నవాడు పడుకున్నట్టు కనిపిస్తాడు గాని, ఒంటికి సరైన నిద్ర ఉండదు. పైగా ఐసీయూలో రాత్రి అనేది రాదు. లైట్లు ఆర్పరు, మిషన్లు కూస్తూనే ఉంటాయి, ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒకటి గుచ్చుతారు. కొన్నాళ్ళకి ఒంట్లో గడియారం తప్పుతుంది. అలా తప్పినవాడు మత్తు వదిలాక కలవరిస్తాడు, గొట్టాలు పీక్కుంటాడు, మిషను మీంచి దిగడానికి మరిన్ని రోజులు పడుతుంది.

అందుకని రాత్రి లైట్లు తగ్గించి, కళ్ళ మీద గుడ్డ కప్పేవాళ్ళం. పక్కకి తిప్పడం, కఫం లాగడం, రక్తం తీయడం ఒకే విడతలో కానిచ్చి, తర్వాత మనిషి జోలికి పోయేవాళ్ళం కాదు. పొద్దున్నే పేరు పెట్టి పిలిచి తెల్లారిందని చెప్పేవాళ్ళం. అప్పుడు మత్తు పంపు ఆపేవాళ్ళం. దాన్ని మత్తు విరామం అనేవారు. మనిషి కళ్ళు తెరుస్తున్నాడా, చెప్పింది వింటున్నాడా, సొంతంగా ఎంత ఊపిరి తీస్తున్నాడు అని చూసి, అవసరమైతే తగ్గించిన మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం.

ఈ సంగతి ఆ ఏటి చలికాలానిది. నాలుగో బెడ్డులో నూకరాజు అని రావికమతం వైపు చెరకు రైతు. నలభై దాటిన మనిషి, రెండు ఊపిరితిత్తులకీ నిమ్ము చేసి వచ్చాడు. మొత్తం గదికి ఉన్న ఒక్క కిటికీ ఆ మంచం పక్కనే. వారం తిరిగేసరికి, పంపు ఆపి కర్టెను తీస్తే కళ్ళు తెరవడం మొదలుపెట్టాడు. గొట్టం ఉంటే మాట రాదు. చెయ్యి పిండమంటే పిండేవాడు, నొప్పి ఉందా అంటే తల అడ్డంగా ఊపేవాడు. ఆ తర్వాత తలుపు వైపు చూసేవాడు. ఆ చూపు రాయడానికి మా చార్టులో గడి లేదు.

తలుపుకి అవతల వరండాలో అతని భార్య సత్యవతి చాప వేసుకుని ఉండేది. కాని ఇంటివాళ్ళని లోపలికి పంపేది సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకే. పొద్దున రౌండ్లు, ఎక్స్‌రేలు, ఫిజియోథెరపీ ఉంటాయి కాబట్టి మనుషులు అడ్డమని అందరి అభిప్రాయం. పోనీ సాయంత్రమైనా మెలకువలో చూసేదా అంటే, అక్కడ మాకు ఇంకో అలవాటు ఉండేది. 'అవసరమైతే ఇవ్వండి' అని డాక్టరు రాసిన అదనపు మత్తు డోసు సరిగ్గా ఐదుకి ముందు అవసరమయ్యేది. ఇంటివాళ్ళు కనిపిస్తే రోగి కదులుతాడు, ఏడుస్తాడు, గొట్టం లాక్కుంటాడు. సాయంత్రం షిఫ్టులో నర్సులు ఇద్దరే. చుట్టాలు వచ్చేముందు పిల్లలకి మొహం కడిగి పౌడరు రాస్తాం చూడండి, అలాంటిదే. మనిషి ప్రశాంతంగా కనిపిస్తే ఇంటివాళ్ళు ధైర్యపడతారని మా లెక్క. అంత ప్రశాంతంగా ఊళ్ళో ఎవర్ని పడుకోబెడతారో మాకు తట్టలేదు.

నేను రోజూ పొద్దున వరండాలోకి వెళ్ళి, నూకరాజు లేచాడనీ, చెయ్యి పిండాడనీ చెప్పేవాణ్ణి. సాయంత్రం సత్యవతి లోపలికొచ్చి అరికాళ్ళు రుద్ది, చెవి దగ్గర పిలిచి, ఆరవగానే బయటికి పోయేది. అతను ఒక్కసారీ కదల్లేదు. మిషను పెడితే పోయినవాడి రొమ్మయినా ఎగురుతుందని వరండాలో ఎవరో ఆమెకి చెప్పారట.

నూకరాజు అన్న అప్పలనాయుడు ఒకరోజు నన్ను పక్కకి పిలిచాడు. బెల్లం ధర అడిగినంత మామూలుగా అడిగాడు: "మీరు సూసినప్పుడేమో లేత్తాడు, మేం సూసినప్పుడేమో పడుకుంటాడు. అసలు మనిసి ఉన్నాడేటి, బ్రదరూ?"

ఉన్నాడన్నాను. వెనకే వచ్చిన సత్యవతి నా మొహంకేసి చాలాసేపు చూసింది. జోకులు వేసి బతికినవాడి మొహం సాక్ష్యానికి పెద్దగా పనికిరాదు.

పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళి, పొద్దున మత్తు విరామంలో ఆమెని పావుగంట లోపలికి రానివ్వమని అడిగాను. ఆయన చెడ్డవాడు కాడు, పూర్తిగా విన్నాడు. ఒకరికిస్తే ఎనిమిది మందికీ ఇవ్వాలి, ఇన్ఫెక్షన్లు, రౌండ్లు, కుదరదన్నాడు. ఐదు గంటల డోసు ఆపుదామంటే, సాయంత్రం డ్యూటీ డాక్టరు, గొట్టం ఊడితే బాధ్యత నీదని రాసిస్తావా అన్నాడు. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. రెండు న్యాయాలకీ మధ్య నూకరాజు ఉన్నాడు.

రెండు రోజుల తర్వాత, వైద్యుల సలహాకి విరుద్ధంగా తీసుకుపోతున్నామని అప్పలనాయుడు సంతకం పెట్టాడు. ఊళ్ళో, సొంత ఇంట్లో పోవాలని వాళ్ళ కోరిక. మత్తు పంపు విప్పేశాం. దారిపొడుగునా ఊపిరి అందించడానికి అంబు బ్యాగు చేత్తో నొక్కుతూ నేను అంబులెన్సులో వెళ్ళాను.

చోడవరం దాటిన కాసేపటికి నూకరాజు కళ్ళు తెరిచాడు. వెనక అద్దంలోంచి ఎండ పడుతోంది. ముందు ఎండని చూశాడు, తర్వాత భార్యని చూశాడు. ఆమె చెయ్యి పిండమన్నాను. పిండాడు.

సత్యవతి ఏడవలేదు. "బండి తిప్పండి," అంది.

ముందు సీట్లోంచి అప్పలనాయుడు వెనక్కి తిరిగి తమ్ముణ్ణి చూశాడు. కిందికి దిగి, బండి తిరిగేదాకా చెరకు ట్రాక్టర్లని చేతులడ్డం పెట్టి ఆపాడు.

మేం తిరిగొచ్చేసరికి నాలుగో బెడ్డులో ఎలమంచిలి దగ్గర యాక్సిడెంటు అయిన మనిషి ఉన్నాడు. వేరే మిషను ఖాళీ లేదు. నూకరాజుని అదే అంబులెన్సులో విశాఖపట్నం తీసుకెళ్ళి ఒక ఆసుపత్రిలో చేర్చాం. మూడో రోజు పోయాడు. జబ్బు వల్లనా, ఆ తిరుగుడు వల్లనా అన్నది ఎవరూ తేల్చలేదు. తేల్చమని ఎవరూ అడగలేదు కూడా.

ఆ తర్వాత పెద్ద డాక్టరు రూలు మార్చాడు. పొద్దున మత్తు విరామంలో ఇంటి మనిషి ఒకరు పావుగంట పక్కన ఉండొచ్చు. ఐదు గంటల డోసు ఆగిపోయింది. భయపడ్డట్టు గొట్టాలేమీ ఊడిపోలేదు. ఇంటివాళ్ళ గొంతు వింటే రోగులు కుదురుగానే ఉండేవారు.

నేను నేర్చుకున్నది చిన్నది. మత్తులో ఉన్నవాడికి పగలూ రాత్రీ తెలిసేలా చేయడం నర్సు పని. ఆ పగటిలో అతని మనుషులు లేకపోతే పని సగంలో ఆగినట్టే. వాళ్ళు వచ్చే వేళ కూడా మందులాంటిదే, తప్పితే పనిచేయదు.

కొన్నాళ్ళకి సత్యవతి మా దగ్గర ఉండిపోయిన ఎక్స్‌రే ఫిల్ముల కోసం వచ్చింది. పొద్దుటి వేళ. ఎవరో రోగి తల్లి చెప్పులు విడిచి ఐసీయూలోకి వెళ్తోంది. ఆమెకి కాస్త ఊరటగా ఉంటుందనుకుని, ఇప్పుడు ఇంటివాళ్ళని పొద్దున కూడా లోపలికి పంపుతున్నామని చెప్పాను.

"ఎంతసేపు?" అని అడిగింది. పావుగంట అన్నాను.

ఆమె ఫిల్ముల కవరు చంకలో పెట్టుకుంది.

"అయితే అప్పుడూ కుదిరీదే," అంది.