గుర్తులేదండి అన్న మామ్మగారు

మంగళవారం పొద్దున్న మా పై వాటాలో మామ్మగారు పోయేరు. టీ గ్లాసుతో మెట్లెక్కిన అమ్మ, ఆ గ్లాసుతోనే దిగొచ్చి, "లేవట్లేదే" అంది.

ఆవిడ మా ఇంటి ఓనరు. లెక్కల టీచరుగా రిటైరయ్యేరు. అమలాపురంలో ఆ ఇంటి కింది వాటాలో మేం పద్నాలుగేళ్ళుగా అద్దెకుంటున్నాం. ఆవిడ మా మీద కోర్టులో కేసు వేసేరు. ఆ కేసు దాచి ఆవిడ గురించి మీకేం చెప్పినా సగమే చెప్పినట్టు.

మోకాళ్ళు అరిగిపోయి, పద్దెనిమిది మెట్లు ఎక్కి దిగలేక, కింది వాటా తనకి కావాలన్నారు. నాన్న పోయాక అమ్మ మా ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుంది. వీధిలోకి కనబడకపోతే జాకెట్టు ముక్క పట్టుకుని ఎవరొస్తారు? రెండేళ్ళు నోటితో అడిగి, చివరికి ఆవిడ లాయరు చేత నోటీసు పంపించేరు.

అది వచ్చిన రోజు మేం రాజోలు పెళ్ళికి వెళ్ళేం. మేం లేకపోతే మా రిజిస్టరు ఉత్తరాలకి సంతకం పెట్టి తీసుకోవడం ఆవిడకి అలవాటు. నా డిగ్రీ సర్టిఫికెట్టూ అలాగే తీసుకున్నారు. తాను పంపిన నోటీసుకీ తానే సంతకం పెట్టేసి, సాయంత్రం పనసపొట్టు కూర గిన్నెతో పాటు తెచ్చిచ్చేరు.

"నేను పంపిందేనమ్మా. భోంచేసేక చదువుకోండి."

కేసు పడ్డాక, పోస్టాఫీసు రసీదు మీద ఆవిడ సంతకం చూసి మా లాయరుగారు నవ్వేరు. కోర్టుకిచ్చే జవాబులో నోటీసు అందలేదని రాద్దామన్నారు.

"ఆవిడ మన చేతికిచ్చేరు కదే" అని అమ్మ నసిగింది.

"కోర్టుకి కావాల్సింది కాయితం అమ్మా, కూర గిన్నె కాదు" అన్నాను. చదువుకున్నదాన్ని కదా. అమ్మ సంతకం పెట్టింది.

వాయిదాలకి ముగ్గురం ఒకే ఆటోలో వెళ్ళేవాళ్ళం. కుదుపులకి మోకాళ్ళు తగలకుండా ఆవిడని మధ్యలో కూర్చోబెట్టుకునేవాళ్ళం.

"కేసు వేసినోళ్ళూ, వేయించుకున్నోళ్ళూ ఒకే ఆటోలోనా అండీ?" అన్నాడు ఆటో అతను.

"వేరే ఆటో ఎక్కితే కోర్టు దగ్గరవుద్దేంటయ్యా?" అన్నారావిడ.

బోనులో ఉన్న మామ్మగారికి మా లాయరుగారు రసీదు చూపించి సంతకం ఎవరిదని అడిగేరు. "నాదేనండి" అన్నారు. ఆవిడ లాయరు గబగబా లేచి, "ఆ నోటీసు మీరు వాళ్ళ చేతికిచ్చేరా, లేదా?" అని అడిగేరు. ఇచ్చేనంటే కేసు నిలబడుద్ది. అమ్మ రాసిచ్చింది అబద్ధమైపోద్ది. మామ్మగారు తలొంచుకున్న అమ్మ వైపు చూసేరు.

"గుర్తులేదండి."

ముప్ఫయ్యేళ్ళ కిందటి పిల్లల రోల్ నంబర్లు చెప్పే మనిషి ఆవిడ.

తిరుగు ఆటోలో నేను రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను. మామ్మగారు పెరుగన్నం డబ్బా మూత తీసి నా ఒళ్ళో పెట్టేరు. "తిను. పొద్దున్నుంచీ ఏం తినలేదు నువ్వు."

నోటీసు సరిగ్గా అందలేదని కేసు కొట్టేసేరు. మళ్ళీ నోటీసిచ్చి వెయ్యొచ్చు. వెయ్యరా అని అమ్మే అడిగింది. "వేస్తే నువ్వు మళ్ళీ అబద్ధం ఆడాలి కదమ్మా" అన్నారు. మెట్ల పక్కన ఓ కొబ్బరితాడు కట్టించుకున్నారు. ఆదివారం చర్చికి అరగంట ముందే బయల్దేరి, ఆ తాడు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగేవారు. నా బ్యాంకు పరీక్షలవగానే వేరే ఇల్లు చూసుకుంటామని నేనన్నప్పుడల్లా, "ఆయ్, అలాగే" అనేవారు. పరీక్షలు రెండుసార్లు అయ్యేయి.

మంగళవారం శవపేటిక మెట్ల మలుపు తిరగలేదు. ఆవిడ పేము కుర్చీలోనే కూర్చోబెట్టి నలుగురు కిందకి దించేరు. ఎక్కడ పడుకోబెట్టాలని అడిగేరు. అప్పటికే అమ్మ మిషను వరండాలోకి లాగేసింది. ముందు గది ఖాళీ చెయ్యడానికి మాకు పది నిమిషాలు పట్టింది. పాస్టరుగారు వచ్చేదాకా మామ్మగారు ఆ గదిలోనే ఉన్నారు.

మిషను ఇంకా వరండాలోనే ఉంది. అమ్మ లోపలికి తేవట్లేదు, నేనూ అడగట్లేదు. మెట్ల మలుపులో, ఆవిడ ఆగి ఊపిరి తీసుకునే చోట, తాడు పీచంతా అరిగిపోయి, జానెడు మేర నున్నగా నల్లబడి ఉంది.